జీపీఎస్ పరికరంలో మన ఊటల మ్యాప్ ఖాళీగా వస్తోంది, తెలుగు పేర్లూ రావట్లేదు

మన్యం_బాట
పాడేరు వైపు కొండ ఊళ్లలో ఊటల నుంచి గొట్టాలేసి ఊళ్లోకి నీళ్లు దించే పనిలో ఉన్నాను. మూడేళ్లుగా ఊటలు, గొట్టం లైన్లు, కాలిబాటలు, గెడ్డలు (వాగులు) అన్నీ మ్యాపులు గీసే ప్రోగ్రామ్ క్యూజీఐఎస్‌లో లేయర్లుగా గీసిపెట్టుకున్నాం. ఇప్పుడు వాటిని ఐదు గార్మిన్ ఈట్రెక్స్ 20ఎక్స్ పరికరాల్లోకి ఎక్కించి ఊరి కుర్రాళ్ల చేతికివ్వాలి. ఎండాకాలంలో వాళ్లే ఒక్కో ఊట దగ్గరికీ వెళ్లి బిందె నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకొస్తారు. ఆ లేయర్ల షేప్‌ఫైళ్లను ఓజీఆర్‌టుఓఎస్‌ఎమ్ అనే ప్రోగ్రామ్‌తో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ల ఓఎస్‌ఎమ్ ఫైలుగా మార్చాను, దాన్ని ఎమ్‌కేజీమ్యాప్ అనే ప్రోగ్రామ్‌తో గార్మిన్ చదివే ఐఎమ్‌జీ ఫైలు చేశాను. ఎర్రర్ ఒక్కటీ రాలేదు. పరికరంలో మ్యాప్ పేరు లిస్టులో కనిపిస్తోంది, ఆన్ చేశాను, తెర మాత్రం ఖాళీ. రెండు రాత్రులు దీంతోనే గడిచిపోయాయి. ఇంకో బాధ, పేర్లన్నీ తెలుగులో రాసుకున్నాం, ముందు చేసిన ఒక చిన్న టెస్ట్ ఫైల్లో అవన్నీ ప్రశ్నార్థకాలుగా వచ్చాయి. సోమవారం కుర్రాళ్లు వస్తున్నారు, టెన్షన్‌గా ఉంది.

జావా_మావ
ఐఎమ్‌జీ ఫైలు సైజెంత?

మన్యం_బాట
11 కేబీ.

జావా_మావ
ఊటలెన్ని?

మన్యం_బాట
214. బాటలు ఓ 90 దాకా ఉంటాయి.

జావా_మావ
అయితే లోపలికి ఏమీ పోలేదు, ఉత్త డబ్బా తయారైంది. ఓఎస్‌ఎమ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి నోడ్ చూడు. లాట్, లాన్ దగ్గర ఏం అంకెలున్నాయి?

మన్యం_బాట
లాట్ 1998512, లాన్ 676704.

లేయర్_లక్ష్మి
దొరికింది. అవి డిగ్రీలు కావు, మీటర్లు. మీ లేయర్ యూటీఎమ్ అనే మీటర్ల పద్ధతిలో 44 ఉత్తర జోన్‌లో ఉంది, అంటే దాని ఈపీఎస్‌జీ కోడ్ 32644. మార్చే ప్రోగ్రామ్‌కు ఆ సంగతి చెప్పేది పీఆర్‌జే ఫైలు. అది పక్కన లేకపోతే ఆ అంకెల్నే డిగ్రీలనుకుని రాసేస్తుంది. అక్షాంశం 19 లక్షల డిగ్రీలు అంటే ఎమ్‌కేజీమ్యాప్ మాత్రం ఎక్కడ పెడుతుంది? షేప్‌ఫైలు అంటే ఒక్క ఫైలు కాదు. ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే నాలుగూ కలిసి ఉండాలి. ఎవరైనా వాట్సాప్‌లో పంపారా?

మన్యం_బాట
అవును, వాట్సాప్‌లోనే వచ్చాయి. మూడే వచ్చాయి.

లేయర్_లక్ష్మి
అదే జరిగింది. క్యూజీఐఎస్‌లో లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ముందు దాని సీఆర్‌ఎస్ (నిర్దేశాంకాల పద్ధతి) 32644 అని సెట్ చేయండి, తర్వాత ఎక్స్‌పోర్ట్‌లో డిగ్రీల పద్ధతి 4326 పెట్టి కొత్త ఫైలుగా సేవ్ చేయండి. ఈ రెండూ వేరు వేరు పనులు. మొదటిది ఉన్న అంకెలకు అర్థం చెప్పడం, రెండోది ఆ అంకెల్నే మార్చడం. చాలామంది నేరుగా సెట్ దగ్గరే 4326 పెట్టేస్తారు, అప్పుడు లేయర్ ఎక్కడో పోయి పడుతుంది.

కర్నూలు_బురుజు
జోన్ విషయం మా వాళ్లను అడగండి. 78 డిగ్రీల రేఖ మా పక్క నుంచే పోతుంది, కర్నూలు 44లో, ఆదోని 43లో. ఒకసారి రెండింటికీ 44 పెట్టేశాను. ఆదోని కచ్చితంగా ఆరు డిగ్రీలు తూర్పుకు జరిగి బంగాళాఖాతంలో తేలింది. మా ఆదోని చెల్లెలు ఇప్పటికీ అడుగుతుంది, అన్నా ఈసారి పడవలో వస్తావా అని.

మన్యం_బాట
చేశాను. ఫైలు ఇప్పుడు 64 కేబీ, బాటలూ గెడ్డలూ తెర మీదికి వచ్చేశాయి! లక్ష్మి గారూ, మీ పుణ్యం. ఊటలు మాత్రం ఇంకా రాలేదు.

జావా_మావ
ఊటలకు ఏ ట్యాగు పెట్టావ్?

మన్యం_బాట
మా టేబుల్లో ఉన్నదే, "ఊట_రకం" అని ఒక కాలమ్ ఉంది.

జావా_మావ
ఎమ్‌కేజీమ్యాప్‌కు ఆ మాట తెలీదు. దాని డిఫాల్ట్ స్టైల్‌కు తెలిసినవి ఓఎస్‌ఎమ్‌లో వాడే ట్యాగులే. ఊటకు నేచురల్ ఈక్వల్స్ స్ప్రింగ్ అని ఉండాలి, అది కనపడితే హెక్స్ 6511 అనే పాయింట్ టైపుగా మార్చి పెడుతుంది. ఓజీఆర్‌టుఓఎస్‌ఎమ్‌కు ట్రాన్స్‌లేషన్ ఫైలని ఒకటి ఇవ్వొచ్చు, పైథాన్‌లో పది లైన్లు. మీ కాలమ్‌లో ఫలానా ఉంటే ఫలానా ట్యాగు రాయి అని చెప్పడమే. లేదా స్టైల్ ఫోల్డర్ సొంతంగా పెట్టుకో. అందులో పాయింట్స్, లైన్స్, పాలిగాన్స్ అని మూడు టెక్స్ట్ ఫైళ్లుంటాయి, ఒక్కో లైన్‌లో ఎడమ పక్క ట్యాగు, కుడి పక్క స్క్వేర్ బ్రాకెట్లలో టైపు, రిజల్యూషన్. నీ పనికి సొంత స్టైలే మేలు. రిజల్యూషన్ 24 అని ఉంటే బాగా దగ్గరికి జూమ్ చేస్తేనే కనిపిస్తుంది. కొండ మీద నడిచేవాడికి అది చాలదు, 20 పెట్టు. లెవెల్స్ ఆప్షన్‌లో కూడా 20 ఉందో లేదో చూసుకో.

రాస్టర్‌రాజు
ఇదంతా ఎందుకండీ, క్యూజీఐఎస్‌లో గార్మిన్ కస్టమ్ మ్యాప్ ప్లగిన్ ఉంది. తెర మీద ఎలా కనిపిస్తోందో అలాగే బొమ్మ తీసి కేఎమ్‌జెడ్ చేసి ఇస్తుంది. కార్డులో గార్మిన్ ఫోల్డర్, అందులో కస్టమ్‌మ్యాప్స్ ఫోల్డర్, దాంట్లో పడేస్తే పని అయిపోయినట్టే. జావా లేదు, హెక్స్ లేదు.

జావా_మావ
జూమ్ మారిస్తే ఆ బొమ్మ అలికేసినట్టు ఉంటుంది. ఊట మీద కర్సర్ పెట్టి దాని పేరు చూడలేవు, వెతకలేవు, గో కొట్టి దారి చూపమనలేవు. బొమ్మ బొమ్మే.

రాస్టర్‌రాజు
నిజమే. కానీ బొమ్మలో తెలుగు వస్తుంది. అతని రెండో ప్రశ్న అదే కదా, దానికి ఎవరూ బదులివ్వలేదు.

మన్యం_బాట
ఆగండాగండి, ముందు ఇంకో సమస్య. ఊటలు వచ్చాయి కానీ పాత ఊటలన్నీ జరిగిపోయి ఉన్నాయి. మేం జీపీఎస్‌తో తీసుకున్న 140 సరిగ్గా ఉన్నాయి. మిగతా 74 మాకంటే ముందు పనిచేసిన వాళ్లు టోపోషీట్ (సర్వే వాళ్ల కాగితం మ్యాప్) మీద నుంచి డిజిటైజ్ చేసినవి, అవి ఆగ్నేయం వైపు రెండొందల మీటర్లు జరిగాయి. అన్నీ ఒకే వైపుకు, ఒకే దూరం. మాకు తెలిసిన ఒక ఊట గెడ్డకు ఇవతలి గట్టున పనస చెట్టు కింద ఉంటుంది, మ్యాపులో అవతలి కొండ ఎక్కేసింది.

పాత_సర్వేయర్
అన్నీ ఒకే వైపు, ఒకే దూరం జరిగాయంటే గీసినవాళ్ల చెయ్యి వణికి కాదు బాబూ, అది డేటమ్ తేడా, అంటే భూమికి ఏ ఆకారం, ఏ ఆరంభ బిందువు అనుకుని కొలిచారన్న తేడా. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ 1830 గోళాభం మీద గీసినవి, వాటి ఆరంభ బిందువు మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్. మీ చేతిలో జీపీఎస్ మాట్లాడేది డబ్ల్యూజీఎస్ 84 భాష. 1802లో లాంబ్టన్ మద్రాసు దగ్గర గొలుసు పరిచి మొదలుపెట్టిన సర్వేకి భూమి మొత్తంతో పనిలేదు, మన దేశం వరకు సరిగ్గా అతికే ఆకారం చాలు. ఉపగ్రహానికి భూమి మొత్తం కావాలి. అందుకే షీటు మీద రాసిన అక్షాంశ రేఖాంశాలనే జీపీఎస్‌కు ఇస్తే మీ ప్రాంతంలో పడమరకు సుమారు 200 మీటర్లు, ఉత్తరానికి ఓ 110 మీటర్లు వెనక్కి జరపాల్సి వస్తుంది. ఆ 74 పాయింట్ల లేయర్‌కు కల్యాణ్‌పూర్ 1975 సెట్ చేయండి, ఈపీఎస్‌జీ 4146. అక్కడి నుంచి 4326కి ఎక్స్‌పోర్ట్ చేయండి. క్యూజీఐఎస్ ఏ పరివర్తన వాడాలో అడిగితే ఏదో ఒకటి నొక్కేయకండి. చేసి చూసి, మీకు తెలిసిన ఆ పనస చెట్టు ఊటతో సరిపోల్చుకోండి.

లేయర్_లక్ష్మి
గొప్పగా చెప్పారు సార్. ఒక్క మాట కలుపుతాను. సర్వే ఆఫ్ ఇండియా ఓపెన్ సిరీస్ మ్యాపులు డబ్ల్యూజీఎస్ 84లోనే ఉంటాయి. ఏ షీటు మీద నుంచి గీశారో తెలుసుకోకుండా అన్నింటినీ జరిపితే బాగున్నవి కూడా పాడవుతాయి.

మన్యం_బాట
జరిపాను. పనస చెట్టు ఊట గెడ్డకు ఇవతలికి వచ్చేసింది. పది మీటర్ల తేడా ఉంది, అది మాకు చాలు. పాత_సర్వేయర్ గారూ, ఈ 74 ఊటల్ని మూడేళ్లుగా "తప్పు డేటా" అని పక్కన పెట్టేశాం. గీసిన వాళ్ల తప్పేమీ లేదన్నమాట.

అరకు_కాఫీ
మీ పని చూస్తే ముచ్చటేస్తోంది. ఇదే పద్ధతిలో పోడు పట్టాల హద్దులు కూడా ఎక్కించుకోవచ్చా? మా ఊళ్లో రెండు కుటుంబాలకు గట్టు దగ్గర తగాదా ఉంది.

జావా_మావ
వద్దు. గట్టిగా చెబుతున్నాను, వద్దు. ఐఎమ్‌జీ ఫార్మాట్ 360 డిగ్రీలను 2 టు ది పవర్ 24 ముక్కలు చేసి ఆ గళ్లలోనే పాయింట్లు పెడుతుంది. ఒక్కో గడి 2.4 మీటర్లు. అంటే మీరు సెంటీమీటర్ లెక్కన కొలిచి ఇచ్చినా మార్చేటప్పుడే దగ్గర్లోని గడి బిందువుకు జరుగుతుంది. దాని మీద పరికరానికి ఉండే పొరపాటు, చెట్ల కింద అది ఇంకా ఎక్కువ. ఊట వెతకడానికి ఐదు మీటర్లు ఓ లెక్క కాదు, నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. గట్టు తగాదాలో ఐదు మీటర్లంటే తలలు పగులుతాయి.

పాత_సర్వేయర్
నూటికి నూరు పాళ్లు నిజం. హద్దు పనికి సర్వేయరే రావాలి.

అరకు_కాఫీ
సరే, అర్థమైంది. అడిగి మంచి పని చేశాను.

డల్లాస్_ట్రెక్కర్
కాంటూర్లు (ఎత్తు చూపే గీతలు) కూడా పెడుతున్నారా? పెడితే ఒకటి గుర్తుంచుకోండి. ఇక్కడ టెక్సస్‌లో గ్వాడలూప్ శిఖరానికి సొంతంగా మ్యాప్ చేసుకుని వెళ్లాను. శిఖరం 2,667 మీటర్లు, పరికరం 813 మీటర్లు అని చూపించింది. కాంటూర్ లేబుల్‌లో అంకెను పరికరం అడుగులనుకుంటుంది, మనం మీటర్లు రాస్తే అది మళ్లీ మీటర్లలోకి మార్చి మూడో వంతు చేసేస్తుంది. స్టైల్ ఫైల్లోనే మీటర్లను అడుగులు చేసే ఫిల్టర్ ఉంది, అది పెట్టుకోండి. లైన్ టైపులు హెక్స్ 20, 21, 22, చిన్న గీత, మధ్య గీత, లావు గీత.

మన్యం_బాట
పెడుతున్నాను, ఎస్‌ఆర్‌టీఎమ్ అనే 30 మీటర్ల ఎత్తుల డేటా నుంచి 20 మీటర్లకొక గీత. మంచి సమయంలో చెప్పారు, నేను మీటర్లే రాసి ఉన్నాను. కాకపోతే కాంటూర్ల ఐఎమ్‌జీ వేరుగా చేసి రెండూ కార్డులో పెడితే ఊటల మ్యాప్ మాయమవుతోంది.

జావా_మావ
రెండింటికీ ఫ్యామిలీ ఐడీ మార్చలేదు కదూ? మార్చకపోతే అన్నీ 6324 అనే వస్తాయి, మ్యాప్ నంబరు కూడా 63240001 నుంచే మొదలవుతుంది. పరికరానికి రెండూ ఒకటే. ఒకే ఇంటి నంబరు రెండిళ్లకు రాస్తే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? ఊటలకు ఒక ఐడీ, కాంటూర్లకు ఇంకోటి ఇవ్వు, ఎనిమిది అంకెల మ్యాప్ నంబర్లు కూడా కలవకూడదు. ఊటల మ్యాప్‌కు ట్రాన్స్‌పరెంట్ ఆప్షన్ పెట్టి డ్రా ప్రయారిటీ 30 ఇవ్వు. మామూలుగా ఉండేది 25, కాబట్టి ఊటలు పైన కూర్చుంటాయి.

మన్యం_బాట
వచ్చాయి, రెండూ ఒకేసారి. ఇక మిగిలింది తెలుగు ఒక్కటే.

జావా_మావ
తెలుగు గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. మామూలు ఐఎమ్‌జీ లాటిన్ అక్షరాల పట్టికతో (కోడ్ పేజ్) తయారవుతుంది, అందులో తెలుగుకు చోటే లేదు, ప్రశ్నార్థకాలు అందుకే. యూనికోడ్ కావాలంటే కోడ్ పేజ్ 65001 ఇవ్వొచ్చు, ఎమ్‌కేజీమ్యాప్ చక్కగా తయారు చేస్తుంది. కానీ కొత్త ఫర్మ్‌వేర్లు (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) చాలావరకు సొంతంగా చేసిన యూనికోడ్ మ్యాపును తెరవనివ్వవు, ధ్రువీకరణ లేదంటాయి. ఒకవేళ తెరిచినా పరికరం ఫాంటులో తెలుగు అక్షరాలుండాలిగా. కాబట్టి పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఒక కాలమ్ పెట్టుకో. అందరం అదే చేస్తున్నాం.

మన్యం_బాట
మా కుర్రాళ్లలో ఇద్దరికి ఇంగ్లీషు చదవడం రాదు. వాళ్లకే కొండ బాగా తెలుసు. మిగిలిన ముగ్గురూ కూడా కూడబలుక్కుని చదువుతారు. "ఊటగెడ్డ"ను ఇంగ్లీషులో రాస్తే నాకే ఒక్క క్షణం పట్టింది. వాళ్ల ఊరి ఊట పేరు వాళ్లకు చదవడానికి రాకపోతే ఈ మ్యాప్ ఎవరి కోసం చేసినట్టు?

ఓఎస్‌ఎమ్_సీతమ్మధార
ఫోన్లు వాడండి. ఓస్మ్‌అండ్ యాప్‌కు ఓబీఎఫ్ ఫార్మాట్‌లోకి మార్చుకోవచ్చు, లేదా క్యూఫీల్డ్‌లో మీ ప్రాజెక్టునే నేరుగా తెరవొచ్చు. సిగ్నల్ లేకపోయినా నడుస్తుంది, తెలుగు శుభ్రంగా కనిపిస్తుంది. మేం నగరంలో అలాగే చేస్తున్నాం.

మన్యం_బాట
ఆలోచించాం. ఐదుగురిలో ఫోన్ ఉన్నవాళ్లు ఇద్దరే. ఈ పరికరంలో రెండు మామూలు పెన్సిల్ సెల్స్ వేస్తే రెండు రోజుల నడక గడుస్తుంది, తడిసినా ఏమీ కాదు. వానలు మొదలయ్యాక ఊట మళ్లీ ఎప్పుడు పెరిగిందో చూడటం మాకు ముఖ్యం. అప్పుడు ఫోన్ జేబులోంచి తీయలేరు.

ఓఎస్‌ఎమ్_సీతమ్మధార
ఒప్పుకుంటాను. కానీ ఫోన్ ఉన్న ఆ ఇద్దరికైనా అందులో పెట్టండి. ఇంకో మాట, ఈ ఊటల్ని ఓఎస్‌ఎమ్‌లో కూడా చేర్చండి, తెలుగు పేరుకు వేరే ట్యాగు ఉంది. ఓఎస్‌ఎమ్ డేటాను ప్రాంతాలవారీగా ఇచ్చే జియోఫ్యాబ్రిక్ సైట్‌లో దక్షిణ మండలం ఫైలు దింపుకున్న ప్రతి ఒక్కరికీ అందుతాయి.

మన్యం_బాట
అది ఊరివాళ్లను అడగకుండా చేయను. ఎండాకాలంలో ఆ ఊటే వాళ్లకు దిక్కు. రిసార్టు వాడో ట్యాంకర్ వాడో మ్యాప్ చూసి వచ్చాడంటే సమాధానం చెప్పుకోవాల్సింది నేనే.

ఓఎస్‌ఎమ్_సీతమ్మధార
ఈ కోణం నాకు తట్టలేదు. అడిగాకే చేయండి. బాటలైనా చేర్చండి, అంబులెన్స్ వాళ్లకు పనికొస్తాయి.

రాస్టర్‌రాజు
మళ్లీ నా మాటకే వస్తున్నాను. కేఎమ్‌జెడ్‌లో ఉండేది బొమ్మే కాబట్టి ఏ లిపైనా సరే. లెక్క చూడండి. ఒక్కో పలక 1024 పిక్సెళ్ల పొడవు, 1024 వెడల్పు దాటకూడదు, ఈ రకం పరికరంలో 100 పలకలు మించకూడదు. పిక్సెల్‌కు రెండు మీటర్లు పెడితే ఒక్కో పలక రెండు కిలోమీటర్లు, పదికి పది పేరిస్తే ఇరవై కిలోమీటర్ల చదరం. మీ ఊళ్లు అందులో పడతాయా?

మన్యం_బాట
పడతాయి, ఒక్క ఊరు తప్ప.

రాస్టర్‌రాజు
అయితే చేయండి. బొమ్మలో బాటలు వద్దు, గెడ్డలు వద్దు, తెల్లటి నేల మీద తెలుగు పేర్లు మాత్రమే. డ్రా ఆర్డర్ 50 కంటే తక్కువ ఇవ్వండి, అప్పుడు జావా_మావ గారి వెక్టర్ మ్యాప్ (గీతలు, చుక్కలతో చేసిన ఐఎమ్‌జీ) దాని మీద కూర్చుంటుంది. పేరు బొమ్మ నుంచి, ఊట గుర్తు వెక్టర్ నుంచి.

జావా_మావ
ఇది బాగుంది. నేను ఒప్పేసుకుంటున్నాను. అయితే వెక్టర్‌లో పేరు బదులు అంకె పెట్టు. అంకెలు అందరికీ వచ్చు. టిప్ ఫైలు ఒకటి చేసి గుర్తులు కూడా మార్చుకోవచ్చు, మే నెలలో నీళ్లున్న ఊటకు నీలం చుక్క, ఎండిపోయే ఊటకు ఎర్ర చుక్క. టిప్ ఫైల్లో కూడా అదే ఫ్యామిలీ ఐడీ ఉండాలి, మర్చిపోకు.

లేయర్_లక్ష్మి
ఫాంట్ విషయం నేను చెబుతాను. ఆ తెర 240కి 320 పిక్సెళ్లే. సన్న ఫాంట్ పెడితే ఒత్తులు, గుడులు కలిసిపోయి "క్ర", "క్త" ఒకేలా కనిపిస్తాయి. లావు ఫాంట్, 22 పిక్సెళ్ల ఎత్తుకు తక్కువ కాకుండా, పూర్తి నలుపు. జేపీజీ కుదింపు ఎక్కువ చేస్తే అక్షరాల చుట్టూ మసక వస్తుంది, క్వాలిటీ 90 పైన పెట్టండి. పేరు పొడుగైతే రెండు వరసలు చేయండి.

మన్యం_బాట
ఈ రాత్రికి ఇదే పని.

కర్నూలు_బురుజు
సోమవారం ఏమైందో వచ్చి చెప్పాలి అన్నా, మధ్యలో వదిలేసి పోవద్దు. ఇక్కడ సగం ప్రశ్నలకు "దొరికింది, థ్యాంక్స్" అని రాసి పోతారు, ఏం దొరికిందో చెప్పరు.

మన్యం_బాట
కర్నూలు_బురుజు కోసం వివరంగా రాస్తున్నాను. ఆదివారం రాత్రి రెండింటికి అయింది. కేఎమ్‌జెడ్ 96 పలకలు. మొదటిసారి పేర్లు మరీ చిన్నవి, రెండోసారి ఒకదాని మీద ఒకటి పడ్డాయి, మూడోసారి లక్ష్మి గారు చెప్పినట్టు 24 పిక్సెళ్లు, రెండు వరసలు. జూమ్ మార్చినప్పుడు తెర మళ్లీ గీసుకోవడానికి రెండు మూడు సెకన్లు పడుతోంది, దానికేం చేయలేం. వెక్టర్‌లో అంకెలు, నీలం ఎరుపు చుక్కలు.

పొద్దున్నే కుర్రాళ్లు వచ్చారు. ఇంగ్లీషు రాని అతనికి ముందు ఇచ్చాను. బొటనవేలితో బుడిపెను అటూ ఇటూ తోస్తూ తన ఊరి వైపు జరిపాడు. తెర మళ్లీ గీసుకునేదాకా ఆగాడు. తర్వాత ఒక్కో అక్షరం పలుకుతూ "పనస... చెట్టు... ఊట" అని చదివి, పక్కవాడికి చూపించి, "ఇది మా అమ్మమ్మ వాళ్లది" అన్నాడు. ఆ వెంటనే ఇంకోటి చెప్పాడు. దాని పక్కన ఉన్న 61వ నంబరు ఊటను మేం ఎర్ర చుక్క పెట్టాం, ఎండిపోతుందని. అతను ఒప్పుకోలేదు. పైన రాయి జారి పడి నీళ్లు పక్కకు మళ్లాయట, పది గజాలు కిందికి దిగితే మే నెలలో కూడా బిందె నిండుతుందట. మధ్యాహ్నం వెళ్లి చూశాం. బిందె నిండటానికి 48 సెకన్లు.

పాత_సర్వేయర్
చాలా సంతోషం బాబూ. 61 చుక్క మార్చారా?

మన్యం_బాట
మార్చాను సార్, నీలం. పాయింటు కూడా కొత్తగా తీసుకున్నాం. మ్యాపు దాటిపోయిన ఊరికి రెండో కేఎమ్‌జెడ్ చేస్తే 100 పలకల లెక్క దాటుతుందా, రాస్టర్‌రాజు గారూ?

రాస్టర్‌రాజు
దాటుతుంది, ఆ లెక్క పరికరం మొత్తానికి. ఊటలు లేని కొండ పలకలు తీసేయండి, ఖాళీ తెల్ల కాగితాలే కదా అవి. చోటు దొరుకుతుంది.

అరకు_కాఫీ
ఆ స్టైల్ ఫోల్డరూ ట్రాన్స్‌లేషన్ ఫైలూ ఇక్కడ పెడతారా? మా వైపు ఊటలకు కూడా మొదలుపెడదామనుకుంటున్నాం.

మన్యం_బాట
పెడతాను. ఊటల పాయింట్లు తీసేసి, ఉత్త ఫైళ్లు మాత్రం. ఆదివారం దాకా టైమివ్వండి, రేపటి నుంచి ఐదు రోజులు కొండ మీదే ఉంటాం.